ద్రష్టకు కన్నే హద్దు కాదు: దృష్టిహీన గురువు చేతిలో ఛాయాచిత్రం

హారతి వేళ భక్తుడు చేసే ఒక పని గమనింపదగినది. గంటల తరబడి వరుసలో నిలిచి మూర్తిని చూడడానికే వచ్చినవాడు, తీరా గర్భాలయం ఎదుట నిలిచిన క్షణంలో కన్నులు మూసుకుంటాడు. హారతి పళ్లెం దగ్గరకు రాగానే రెండు అరచేతులనూ జ్వాలపైకి చాచి, ఆ వెచ్చదనాన్ని కళ్లకద్దుకుంటాడు. వెలుగును చూడడం మాత్రమే కాదు, స్పృశించి స్వీకరించడం కూడా దర్శనమేనని ఈ ఆచారం తరతరాలుగా చెబుతూనే ఉన్నది. చూపున్నవారు దీనిని ప్రతి సాయంత్రమూ ఆచరిస్తారు. దీని తాత్పర్యాన్ని మాత్రం అరుదుగా విచారిస్తారు.

ఆ తాత్పర్యాన్ని పరీక్షకు పెట్టే ప్రశ్న ఒకటి ఉన్నది. పుట్టుకతోనో, వ్యాధి వలననో చూపు కోల్పోయిన ఉపాధ్యాయుడు కెమెరా చేతబట్టి ఛాయాచిత్రం తీయడం అర్థవంతమైన కార్యమేనా? వినగానే చాలామందికి తోచే సమాధానం ‘కాదు’. గుడ్డివానికి అద్దమెందుకన్న లోకోక్తి సిద్ధంగానే ఉన్నది. సుభాషితకారులు సైతం ప్రజ్ఞ లేనివానికి శాస్త్రం నిష్ప్రయోజనమని చెప్పడానికి ఈ దృష్టాంతాన్నే వాడుకున్నారు. అయితే దృష్టాంతం ఎంత ప్రసిద్ధమైనా ప్రకృతానికి అన్వయించకపోతే ప్రమాణం కాజాలదు. అద్దం చూసేవాని ముఖాన్ని చూసేవానికే తిరిగి ఇస్తుంది. అక్కడితో దాని పని ముగుస్తుంది. ఛాయాచిత్రం అలాంటిది కాదు. అది ఒకని అనుభవాన్ని మరొకని వద్దకు మోసుకుపోయే వాక్కు వంటిది. తాను పలికిన మాటను తానే వినలేని బధిరుడు మాట్లాడకూడదని ఎవరూ అనరు. తాను తీసిన చిత్రాన్ని తాను చూడలేనివాడు చిత్రం తీయకూడదనడం కూడా అంతే అసంగతం.

ద్రష్ట ఎవరు?

వేదాంత విచారంలో మొదటి మెట్టు దృక్‌-దృశ్య వివేకం. ఆ పేరుతోనే ప్రసిద్ధమైన ప్రకరణ గ్రంథం క్రమంగా బోధించేది ఇది: రూపం దృశ్యమైతే కన్ను దానికి ద్రష్ట. కన్ను మందగించినదా, తేటగా ఉన్నదా అని మనస్సుకు తెలుస్తున్నది గనుక ఆ కన్నే మనస్సుకు దృశ్యం. మనస్సులోని వృత్తులనూ ఎరిగేది సాక్షి. సాక్షిని దృశ్యం చేయగలిగినది ఏదీ లేదు. ఈ క్రమంలో కన్ను స్థానం ఏమిటో స్పష్టమే. అది నడుమనున్న ఒక ద్వారం. గృహానికి ద్వారం ఒకటి మూసుకుపోతే గృహస్థు లేకుండా పోడు.

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలో ప్రజాపతి ఇంద్రునికి చేసిన ఉపదేశం ఇదే దిశలో సాగుతుంది. ‘దీనిని విందును’ అని ఎరిగేవాడు ఆత్మ. చూడడానికి కన్ను కరణం మాత్రమే. మనస్సును అక్కడ ఆత్మకు దైవీ నేత్రంగా చెప్పారు. అదే ఉపనిషత్తు ఐదవ అధ్యాయంలో ఇంద్రియాల కలహం కథ ఉన్నది. తమలో ఎవరు శ్రేష్ఠులని వాదులాడుకొన్న ఇంద్రియాలు ఒక్కొక్కటే దేహాన్ని విడిచి ఏడాదిపాటు వెళ్లిపోతాయి. కన్ను తిరిగి వచ్చి, తాను లేకుండా ఎలా జీవించారని అడిగితే, చూడకపోయినా ఊపిరి పీలుస్తూ, పలుకుతూ, వింటూ, తలపోస్తూ అంధుల వలె జీవించామని మిగిలినవి బదులిస్తాయి. గమనింపదగిన అంశమేమంటే, అంధుని జీవితాన్ని శ్రుతి ఇక్కడ లోపంగా వర్ణించలేదు. కన్ను లేకుండా జీవనం నడిచిందనడానికి దానిని నిదర్శనంగా నిలిపింది.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యానికి ఉపోద్ఘాతంగా రచించిన అధ్యాస భాష్యంలో, ఇంద్రియ ధర్మాలను ఆత్మపై ఆరోపించుకోవడానికి అంధత్వాన్ని కూడా ఒక ఉదాహరణగా చూపారు. ‘నేను అంధుడను’ అనే భావం అధ్యాస. ఇంతవరకు అందరూ ఒప్పుకొంటారు. అయితే దీని రెండవ పార్శ్వాన్ని చూపున్నవారు సౌకర్యంగా మరచిపోతారు. కన్ను లేకపోవడం ఆత్మధర్మం కానప్పుడు కన్ను ఉండడం కూడా ఆత్మధర్మం కాదు. ‘నేను చూపున్నవాడను, అతడు చూపులేనివాడు’ అనే అభిమానం కూడా అంతే గట్టి అధ్యాస. ఆ అభిమానాన్ని ఆధారం చేసుకొని ఒకని చేతిలోని పనిముట్టును తీసివేయడం అజ్ఞానాన్ని నియమంగా మార్చడమే.

ఋషి పరంపరలోనే దీనికి మహోదాహరణ ఉన్నది. ఋగ్వేదం ప్రథమ మండలంలో 140 నుండి 164 వరకు గల 25 సూక్తాలకు ఋషి దీర్ఘతముడు. బృహస్పతి శాపవశాన జన్మాంధుడైనాడని మహాభారతం చెప్పే మహర్షి ఈయనే. ఒకే వృక్షంపై నివసించే రెండు పక్షుల ప్రసిద్ధ మంత్రం ఈయన సూక్తాలలోనిదే. ఋషిని మంత్రకర్త అనకుండా మంత్రద్రష్ట అని పిలవడం సంప్రదాయం. కన్నులు లేని మహర్షిని ‘ద్రష్ట’ అని పిలవడానికి వైదిక సంప్రదాయం ఒక్క క్షణం కూడా సందేహించలేదు.

చీకటి గదిలో పుట్టే చిత్రం

ఛాయాచిత్ర యంత్రపు స్వభావాన్ని విచారించినా ఇదే తేలుతుంది. ‘కెమెరా’ అన్న మాటకు మూలార్థం గది. చీకటిగదికి ఒకవైపు సన్నని రంధ్రం చేస్తే బయటి దృశ్యం ఎదుటి గోడపై తలక్రిందులుగా పడుతుంది. ఈ సూత్రం మీదనే యావత్తు ఛాయాగ్రహణ విద్యా నిలిచి ఉన్నది. ఫిల్ము వాడిన కాలమంతా చిత్రాన్ని వెలికి తీయడం కూడా చీకటి గదిలోనే జరిగింది. చీకటికీ చిత్రానికీ వైరం లేదు. చీకటి లేనిదే చిత్రం లేదు.

దక్షిణామూర్తి స్తోత్రంలో ఆచార్యులు దీనికి సరిగ్గా విలోమమైన ఉపమానాన్ని చూపారు. అనేక రంధ్రాలు గల కుండలో వెలిగే దీపం నుండి కాంతి ఆయా రంధ్రాల గుండా వెలుపలికి ప్రసరించినట్లు, ఆత్మజ్ఞానం ఇంద్రియ ద్వారాల గుండా ప్రసరించి వస్తువులను వెలిగిస్తుంది. కెమెరా బయటి వెలుగును ఒక్క రంధ్రం గుండా లోపలికి తీసుకునే జడపాత్ర. మనిషి లోపలి వెలుగును పలు రంధ్రాల గుండా బయటికి పంపే చేతనపాత్ర. కుండకు ఒక రంధ్రం మూసుకుపోయినంత మాత్రాన దీపం ఆరిపోదు. మిగిలిన రంధ్రాల గుండా వెలుగు వస్తూనే ఉంటుంది. ఆ వెలుగును ఆధారం చేసుకొని జడపాత్రను ఎటు తిప్పాలో, ఎప్పుడు తెరవాలో నిర్ణయించేది చేతనుడే. ఛాయాచిత్రంలో కర్తృత్వమంటే ఈ నిర్ణయం తప్ప మరేదీ కాదు.

లోకంలోని నిదర్శనాలు

ఇది కేవలం తర్కం కాదు. 1946లో స్లొవేనియాలో జన్మించిన ఎవ్‌జెన్ బవ్‌చార్ రెండు ప్రమాదాలలో పన్నెండేళ్లు నిండకుండానే రెండు కన్నులూ కోల్పోయాడు. పదహారేళ్ల ప్రాయంలో సోదరి కెమెరాతో తొలి చిత్రం తీశాడు. తరువాత పారిస్‌లో తత్త్వశాస్త్రం అభ్యసించి, సౌందర్యశాస్త్ర పరిశోధకుడై, ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఛాయాచిత్రకారుడైనాడు. కన్ను లేని తత్త్వవేత్త ఛాయాచిత్రాన్ని తన ఆలోచనకు క్షేత్రంగా ఎంచుకొన్నాడంటే, చిత్రం కంటికంటే ముందు మనస్సులో రూపొందుతుందని స్వానుభవంతో ఎరిగినందువల్లనే.

భారతదేశంలో చిత్రకళాచార్యుడు వినోద్ విహారి ముఖర్జీ జీవితం ఇంకా ఆప్తమైన నిదర్శనం. 1904లో జన్మించిన ఆయనకు బాల్యం నుండి ఒక కన్ను లేదు, రెండవ దాని చూపు అతి మందం. ఆ మందదృష్టితోనే శాంతినికేతన్‌లో అధ్యాపకుడై, 1947 నాటికి అక్కడి హిందీ భవన్ గోడలపై మధ్యయుగ భక్తుల జీవితాలను మహా కుడ్యచిత్రంగా నిలిపాడు. 1950వ దశకంలో శస్త్రచికిత్స విఫలమై మిగిలిన చూపూ పోయింది. ఆయన కళను వీడలేదు, బోధననూ వీడలేదు. కాగితాలను కత్తిరించి చిత్రాలు కూర్చాడు, మైనంతో బొమ్మలు మలిచాడు, పలకలతో కొత్త కుడ్యచిత్రాన్ని నిర్మించాడు. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ 1972లో గురువుపై తీసిన లఘుచిత్రానికి ‘ది ఇన్నర్ ఐ’ అని పేరు పెట్టాడు. చూపు పోయిన గురువు నుండి శిష్యులు నేర్చుకొన్నది చూపున్న గురువు నుండి నేర్చుకొనదగిన దానికంటే తక్కువ కాదు.

ముంబయిలో 2006లో పార్థో భౌమిక్ ఆరంభించిన ‘బ్లైండ్ విత్ కెమెరా’ కార్యక్రమం దృష్టిహీనులకు ఛాయాగ్రహణాన్ని పద్ధతిగా నేర్పుతున్నది. ఇక బోధన విషయానికి వస్తే, రెండు నెలల పసితనంలోనే చూపు కోల్పోయి, ప్రస్థానత్రయానికి భాష్యాలు రచించి, 2001లో చిత్రకూటంలో వికలాంగుల కోసమే విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన జగద్గురు రామభద్రాచార్యుల పేరు వేదాంతాభిమానులకు కొత్త కాదు. కన్ను లేనివాడు గురువు కాగలడా అన్న సందేహానికి కాలం ఎప్పుడో సమాధానం చెప్పింది. మిగిలినది చిత్రం గురించిన సందేహమే.

వాక్కే జ్యోతి అయిన వేళ

చూపులేని వ్యక్తి చిత్రం తీసే విధానం విచారిస్తే బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయంలోని జనక-యాజ్ఞవల్క్య సంవాదం అప్రయత్నంగా స్ఫురిస్తుంది. మనిషికి జ్యోతి ఏది అని జనకుడు అడుగుతాడు. సూర్యుడని మహర్షి చెబుతాడు. సూర్యుడు అస్తమిస్తే చంద్రుడు, చంద్రుడూ అస్తమిస్తే అగ్ని, అగ్నీ చల్లారితే వాక్కు. తన చేయి తనకే కనిపించని చీకటిలో మాట వినబడిన దిక్కుకు మనిషి నడుస్తాడని యాజ్ఞవల్క్యుడు వివరిస్తాడు. వాక్కూ ఆగిపోయినప్పుడు ఆత్మయే జ్యోతి.

దృష్టిహీన ఛాయాచిత్రకారుని సాధన ఈ సోపానక్రమాన్నే అనుసరిస్తుంది. చెంపపై సోకే ఎండ వేడిని బట్టి సూర్యుడు ఏ వైపున్నాడో తెలుసుకుంటాడు. ఎదుటివాని గొంతు ఎంత ఎత్తు నుండి, ఎంత దూరం నుండి వస్తున్నదో విని ముఖం ఎక్కడున్నదో గ్రహిస్తాడు. చేయి చాచి వస్తువును తాకి దూరాన్ని కొలుస్తాడు. కెమెరాను గుండెకో, నుదుటికో ఆనించి నిటారుగా నిలుపుతాడు. పక్కనున్నవాని వర్ణన విని చట్రంలో ఏది ఉండాలో, ఏది వద్దో నిశ్చయిస్తాడు. నేటి స్మార్ట్‌ఫోన్లలో తెరపైనున్న దానిని చదివి వినిపించే టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ సదుపాయాలు ఉన్నాయి. చట్రంలో ఎన్ని ముఖాలున్నాయో, ఏ వైపున్నాయో పలికి చెప్పే ఫోన్లు కూడా వచ్చాయి. వాక్కు జ్యోతి అవుతుందన్న ఉపనిషద్వచనం ఇక్కడ అక్షరాలా ఆచరణలో కనిపిస్తుంది.

తెలుగువారికి ఈ విద్య పూర్తిగా అపరిచితం కూడా కాదు. అవధాని ముందు కాగితం ఉండదు. పృచ్ఛకులు ఇచ్చిన సమస్యలనూ, నిషేధాలనూ, దత్తపదులనూ మనస్సులోనే నిలుపుకొని పద్యాలను పూరిస్తాడు. వీపుపై పడే పూలను స్పర్శతో లెక్కిస్తాడు, మోగే గంటలను చెవితో లెక్కిస్తాడు. ధారణ అనే ఆ శక్తికి సభలు శాలువాలు కప్పి గౌరవించాయి. అదే ధారణతో దృష్టిహీన గురువు ఒక దృశ్యాన్ని మనస్సులో కూర్చి చిత్రంగా మలిస్తే దానిని వింతగా చూడడం న్యాయం కాదు.

ఆత్మకూరు నేల మీద

ఈ విచారం ఆకాశంలో నిలిచిపోకూడదు గనుక దానిని ఒక ఊరి నేలపై నిలిపి చూడడం ఉచితం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని, నేటి వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు అందుకు తగిన స్థలం. నిజాం రాజ్యంలోని అమరచింత సంస్థానానికి ఇది రాజధాని. గద్వాల, వనపర్తి సంస్థానాలతో పాటు పండితులనూ కవులనూ ఆదరించిన నేల. సమీపంలోనే కృష్ణానదిపై జూరాల ప్రాజెక్టు. దీపావళి అనంతరం కురుమూర్తి కొండపై వేంకటేశ్వరునికి బ్రహ్మోత్సవాలు జరిగేటప్పుడు స్వామివారి ఆభరణాలు ఆత్మకూరు నుండే ఊరేగింపుగా తరలుతాయి. చిన్న వడ్డెమాన్‌లో చర్మకారులు నియమనిష్ఠలతో తయారుచేసిన స్వామి పాదుకలను ఉద్దాలు అంటారు. ఆ ఉద్దాల ఉత్సవానికి లక్షలాది భక్తులు తరలివస్తారు. ఉద్దాల స్పర్శ తమపై పడితే చాలునని వారి విశ్వాసం.

ఇట్టి ఊరి పాఠశాలలో చూపులేని ఉపాధ్యాయుడు ఒకడు విద్యార్థులను వెంటబెట్టుకొని జాతరకు వెళ్లాడని భావించవచ్చు. అతని చేతిలో ఫోన్ ఉన్నది. డప్పుల మోత ఏ దిక్కు నుండి పెరుగుతున్నదో అతనికి తెలుసు. కర్పూరపు వాసన, కొబ్బరికాయ పగిలే చప్పుడు, కొండమెట్లపై జనం ఒరుసుకునే ఒత్తిడి అతనికి దృశ్యపు హద్దులను గీసి ఇస్తాయి. అతడు పక్కనున్న విద్యార్థిని ఎదుట ఏమున్నదని అడుగుతాడు. ‘జనం ఉన్నారు సార్’ అని విద్యార్థి అంటాడు. ఎంతమంది, ముఖాలు ఎటువైపు, ఎవరి నెత్తిన ఏమున్నది, నీడ ఎటు పడుతున్నది అని గురువు మళ్లీ అడుగుతాడు. అప్పుడు ఆ విద్యార్థి మొదటిసారి నిజంగా చూడడం ఆరంభిస్తాడు. అంతవరకు అతని కన్ను తెరచి ఉన్నది, చూపు మాత్రం నిద్రలో ఉన్నది. చూపులేని గురువు అడిగిన ప్రశ్నే ఆ చూపును మేల్కొలిపింది.

ఛాయాచిత్రం దృష్టిహీన గురువుకు ఇచ్చే దానికంటే అతని ద్వారా విద్యార్థులకు ఇచ్చేది ఎక్కువ. వర్ణించవలసి వచ్చినవానికి భాష కావాలి, క్రమం కావాలి, నిజాయితీ కావాలి. లేనిది ఉన్నట్లు చెబితే చిత్రం చెడుతుంది, గురువు నమ్మకం చెడుతుంది. సత్యవాక్కు ఇక్కడ నీతిపాఠంగా కాక పని నియమంగా అలవడుతుంది. వర్షాకాలంలో జూరాల గేట్లు ఎత్తినప్పుడు ఆ జలఘోషను గురువు విని కెమెరా ఎత్తితే, చూపున్న పిల్లలు ఆ చిత్రంలో శబ్దాన్ని వెదకడం నేర్చుకుంటారు. చూపున్న విద్యార్థి, చూపు మందగించిన విద్యార్థి, చూపే లేని విద్యార్థి ముగ్గురూ ఒకే పనిలో తలా ఒక భాగం పంచుకుంటారు. సమ్మిళిత విద్య అనే మాటకు ఇంతకంటే సూటి అర్థం దొరకడం కష్టం.

వ్యావహారికాన్ని విస్మరించరాదు

ఈ విషయంలో జీవనోపాధి సైతం ముడిపడి ఉన్నది. నేటి పాఠశాలలో కెమెరా ఒక వినోద వస్తువు కాదు. తెలంగాణలో ముఖాన్ని గుర్తించి హాజరు నమోదు చేసే పద్ధతి మొదట విద్యార్థులకు, 2025లో ఉపాధ్యాయులకు కూడా వచ్చింది. మధ్యాహ్న భోజనం మొదలుకొని మొక్కలు నాటే కార్యక్రమం దాకా జరిగిన పనికి చిత్రమే సాక్ష్యంగా నిలుస్తున్నది. ముఖాన్ని చట్రంలో సరిగా నిలపలేనివాడు బడికి వచ్చి కూడా రానివాడుగా నమోదయ్యే ప్రమాదం ఉన్నది. ప్రతి ఉదయం ఇంకొకరిని బతిమాలుకొని తన ముఖాన్ని తెరకు చూపించుకోవలసిన స్థితి గురుస్థానానికి శోభనీయం కాదు.

న్యాయవ్యవస్థ దీనిని గుర్తించింది. కన్ను ఆర్పి చూపితే గాని ముఖాన్ని ధ్రువీకరించని డిజిటల్ పద్ధతుల వలన ఆమ్లదాడి బాధితులూ దృష్టిహీనులూ పడుతున్న ఇబ్బందులను విచారించిన సుప్రీంకోర్టు, 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో డిజిటల్ సేవల అందుబాటును రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగంగా ప్రకటించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో దివ్యాంగులకు 4 శాతం కంటే తక్కువ కాకుండా స్థానాలు కేటాయించి, అందులో 1 శాతాన్ని అంధులకూ మందదృష్టి గలవారికీ నిర్దేశించింది. కళా సాంస్కృతిక రంగాలలో వారి భాగస్వామ్యానికి అనువుగా పాఠ్యక్రమాలను మలచాలని కూడా అదే చట్టం చెబుతున్నది. ఉద్యోగం ఇచ్చి పనిముట్టు వాడడం నేర్పకపోవడం, పీట వేసి విస్తరి వేయకపోవడం వంటిది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటివెలుగు కార్యక్రమం ఊరూరా నేత్ర పరీక్షలు జరిపి కళ్లద్దాలు అందించింది. అది దిద్దగలిగిన చూపుకు జరిగిన సేవ. దిద్దలేని చూపు విషయంలో సమాజం చేయవలసిన సేవ మరొకటి ఉన్నది. కంటికి వెలుగు తేలేనప్పుడు పనికి వెలుగు తేవడమే ఆ సేవ. ఉపాధ్యాయ శిక్షణలో దృష్టిహీనులకు ఫోన్ కెమెరాను ధ్వని సాయంతో వాడే పద్ధతి నేర్పాలి. వారు తీసిన చిత్రాలకు తెలుగులో వర్ణన జతచేసే అలవాటు పాఠశాలలో నెలకొనాలి. వేలితో తడిమి తెలుసుకొనేలా ఉబ్బెత్తు గీతలతో ముద్రించిన చిత్రప్రతులు తీసినవారి చేతికీ చేరాలి. హాజరు నమోదులో ధ్వని మార్గదర్శనం ఉండాలి. అది సాధ్యపడనిచోట ప్రత్యామ్నాయం హక్కుగా ఉండాలి. ఇవేవీ అసాధ్యమైన కోరికలు కావు.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి పూర్వపక్షం: పక్కవాని వర్ణన విని, యంత్రం చెప్పిన దిక్కుకు తిప్పి తీసిన చిత్రం అతనిదెలా అవుతుంది? భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఏ కర్మకైనా ఐదు హేతువులను చెప్పింది. అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, ఐదవది దైవం. చూపున్న ఛాయాచిత్రకారుడు మాత్రం ఒంటరిగా చిత్రం తీస్తున్నాడా? కటకం ఎవరో మలిచారు, వెలుతురు సూర్యుడిచ్చాడు, ఫోకస్ యంత్రమే సరిచేసింది, ఎదుటివాడు నవ్వడం దైవాధీనం. కర్తృత్వం ఐదుగురి మధ్య పంపకమైనప్పుడు ఒక కరణం స్థానంలో మరొక కరణం వస్తే కర్త మారడు. నిజానికి దృష్టిహీనుడు తన పనిలో ఇతరుల భాగాన్ని ప్రతిక్షణం ఎరిగి ఉంటాడు. చూపున్నవాడు ‘నేనే తీశాను’ అని భ్రమిస్తాడు. గీత ఖండించినది ఆ రెండవవాని అహంకారాన్నే.

రెండవ పూర్వపక్షం: రూపప్రపంచం మిథ్య. సహజంగా రూపబంధం తగ్గినవానిని మళ్లీ రూపాలవైపు మళ్లించడం ఎందుకు? ఇది వైరాగ్యపు వేషం వేసుకొన్న వాదన. కన్ను లేకపోవడం వైరాగ్యం కాదు. దీనికి ధృతరాష్ట్రుడే సాక్షి. యుద్ధాన్ని చూడగల చూపును వ్యాసమహర్షి అనుగ్రహిస్తానన్నా, బంధువుల వధను చూడలేనని నిరాకరించి వినడానికి మాత్రమే అంగీకరించాడు. ఆ వినికిడి ఫలమే గీతాశాస్త్రం లోకానికి అందిన రూపం. సంజయుడు చూపులేని రాజుకు చేసిన వర్ణనగానే గీత నిలిచింది. అయినా పద్దెనిమిది అధ్యాయాలూ విన్న ధృతరాష్ట్రునికి పుత్రమోహం వదలలేదు. బంధం కంటిలో లేదు, మమకారంలో ఉన్నది. చూపున్నవారు పండుగకూ పెళ్లికీ వేల చిత్రాలు తీసుకొంటూ, చూపులేనివానికి మాత్రం మిథ్యాత్వాన్ని ఉపదేశించడం ధర్మం కాదు. వైరాగ్యోపదేశం మొదట ఉపదేశకునికే వర్తించాలి.

మూడవది అన్నిటికంటే సున్నితమైనది, అందుకే అన్నిటికంటే హానికరమైనది. ‘వారికి అంతర్నేత్రం ఉన్నది, మన కన్నులు వారికెందుకు?’ అని భక్తులు ఆర్ద్రంగా అంటూ ఉంటారు. వినడానికి పూజలాగానే ఉన్నది. ఫలితం మాత్రం నిరాకరణ. ఆకలిగొన్నవానితో నీవు అన్నమయ కోశానికి అతీతుడవని చెప్పడం వంటిదే ఇది. ఆత్మ దృష్టికి లోపం లేదన్న పారమార్థిక సత్యాన్ని, బడిలో కెమెరా నేర్పవలసిన వ్యావహారిక బాధ్యతను తప్పించుకోవడానికి వాడుకోరాదు. అద్వైతం రెండు సత్తలను వేరుచేసి చూపింది గాని, పై సత్తను అడ్డం పెట్టుకొని క్రింది సత్తలోని అన్యాయాన్ని కప్పిపుచ్చమని చెప్పలేదు. పైగా అంతర్నేత్రం చూపులేనివారి ప్రత్యేక సంపద కూడా కాదు. వారిలోనూ లోభమోహాలుంటాయి, హాస్యముంటుంది, తప్పుగా తీసిన చిత్రాలుంటాయి. వారిని దేవతలుగా చేసి దూరంగా కూర్చోబెట్టడం కంటే మనుషులుగా చేర్చుకొని పనిలో భాగం ఇవ్వడమే సంస్కారం.

దీని ప్రక్కనే పూర్వకర్మ వాదం నిలిచి ఉంటుంది. అంధత్వం ప్రారబ్ధ ఫలమనుకొన్నా, ఎదుటివాని ప్రారబ్ధం చూసేవాని కర్తవ్యాన్ని రద్దు చేయదు. అతనికి కన్ను లేకపోవడం అతని ప్రారబ్ధమైతే, అతనికి తోడ్పడగల స్థానంలో తాను ఉండడం తన ప్రారబ్ధం. ఆ అవకాశాన్ని జారవిడిచితే కలిగే ఆగామి కర్మ మాత్రం తనదే.

సాధకునికి శేషించే పాఠం

దృష్టిహీన గురువు తీసిన చిత్రం చేతికి వచ్చినప్పుడు చూపున్న సాధకుడు ఒక విచిత్ర స్థితిలో పడతాడు. ఆ చిత్రాన్ని తీసినవాడు దానిని చూడలేదు. చూస్తున్నవాడు దానిని తీయలేదు. మరి ఆ దృశ్యాన్ని మొదట దర్శించినది ఎవరు? రూపం కంటికి అందకముందే సంకల్పంగా, వినికిడిగా, స్పర్శగా, స్మృతిగా ఎక్కడో ఒకటిగా కూడి నిలిచింది. అలా కూర్చిన తత్త్వాన్ని కంటితో చూడలేరు, దాని వలననే కన్ను చూస్తుంది అని కేనోపనిషత్తు సూచించినది దానినే. వేదాంత శ్రవణం ఏళ్ల తరబడి చేసినా మాటగా మిగిలిపోయిన విషయం ఒక సాధారణ చిత్రం ముందు నిలిచినప్పుడు ప్రశ్నగా గుచ్చుకుంటుంది.

చిత్రం కొంచెం వంకరగా ఉండవచ్చు. ఒక ముఖం సగమే చట్రంలో పడి ఉండవచ్చు. ఆ సగం ముఖాన్ని చూసి జాలిపడడమా, ఆ గొంతు విని అటు తిరిగిన గురువు శ్రద్ధను గుర్తించడమా అన్నది చూసేవాని సంస్కారానికి పరీక్ష. ఆత్మకూరు వంటి ఊళ్లలో పాఠశాల గోడపై, వార్షికోత్సవ వేళ, చూపులేని ఉపాధ్యాయుడు తీసిన ఒక్క చిత్రమైనా తీసినవారి పేరుతో వర్ణనతో నిలిస్తే, ఆ గోడ ముందు ఆగిన బాలుడు ‘సార్ దీనిని ఎలా తీశారు?’ అని తప్పక అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోయినవాడు ‘చూసేది ఎవరు?’ అన్న ప్రశ్న దగ్గరకు చేరకుండా ఉండలేడు. ఆత్మవిచారానికి ద్వారాలు అనేకం. వాటిలో ఒకదానిని తెరిచే శక్తి గల గురువు ఖాళీ చేతులతో నిలబడి ఉండగా, ఒక చిన్న యంత్రాన్నీ నేర్పే ఓపికనూ అతనికి అందించకపోవడం సమాజం స్వయంగా కొనితెచ్చుకొనే అంధత్వం.

స్వస్తి.